మంచు తాగే గోడ

పొద్దు పొడిచే ముందు గోడ నిండుగా ఉబ్బి ఉంటుంది. తొలి ఎండ తగలగానే మూలగడం మొదలుపెడుతుంది. ఆ మూలుగు వినడానికే మద్దిలేటి రోజూ కనుమ దాకా వస్తాడు. వాచిన పాదాలకు చెప్పులు పట్టవు గనక గుడ్డపేలికలు చుట్టుకుని, కట్టె ఊతంగా, నాలుగడుగులకోసారి ఆగుతూ వస్తాడు. వచ్చి, ఈనబోయే బర్రె కడుపుకు ఆనించినట్టు గోడకు చెవి ఆనిస్తాడు.

“ఏమంటాంది?” అని అడిగింది అతని భార్య సుంకేశ్వరి, గోడ పక్కనున్న మీటరు పెట్టె తలుపు తెరుస్తూ.

“కడుపు పగిలేటట్టు తాగినానంటాంది. నన్ను జూసి నవ్వుతాంది గూడా.”

“నవ్వెందుకో?”

“తాను కుంటలకు కుంటలు తాగుతాదంట. తన్ను కట్టిన బేల్దారికి మాత్రం రోజుకు చెంబెడు నీళ్ళేనంట.”

సుంకేశ్వరి నవ్వలేదు. మద్దిలేటి కిడ్నీలు రెండూ పని మానేసి చాలా కాలమైంది. తాగిన నీళ్ళు బయటికి పోయే దారి లేక ఒంట్లోనే నిలిచిపోతాయి. అందుకే ఆ కొలత. గరుసుపల్లెకు నీళ్ళ గోడ కట్టిన మేస్త్రి, ఊళ్ళో అందరికంటే తక్కువ నీళ్ళు తాగే మనిషి.

ఎండ గోడ మీదికి పాకింది. ఇటుకలు కిర్రుమన్నాయి. వాటి అడుగంచున ముందు చెమట పట్టినట్టు చుక్కలు, తర్వాత సన్నటి ధారలు. ధారలన్నీ కాలువలో కలిసి తొట్టిలో పడుతుంటే మీటరులో ముల్లు లేచింది.

ఇటుకలో ఉన్నది గుట్ట గరుసు, సున్నం, బొగ్గు, పట్నంలో యూనివర్సిటీ ల్యాబులో సుంకేశ్వరి ఏళ్ళ తరబడి కాచి కాచి కుదిర్చిన ఒక జిగురు. అంతే. ఆ జిగురు రాత్రి గాలిలోని తేమను తాగి ఉబ్బుతుంది, పగటి వేడికి వదిలేసి ముడుచుకుంటుంది. వదిలితే నీళ్ళు. ఉబ్బి ముడుచుకునే ఒత్తిడికి ఇటుక లోపలి పలుచని బొగ్గు పొరల్లో కరెంటు. బోర్లు ఎండిపోయి, ట్యాంకర్లు రావడం మాని, గాలివానకు కూలిన కరెంటు స్తంభాలను మళ్ళీ నిలబెట్టే దిక్కులేక సగం ఊరు వలసపోయిన రోజుల్లో లేచిన గోడ అది. ఇంటికొక మనిషి వచ్చి ఇటుకలు మోశాడు. మద్దిలేటి పేర్చాడు.

గోడకు ఒక్కటే నియమం. ప్రతి రాత్రీ తాగాలి. తాగని ఇటుక చస్తుంది, పిండిపిండిగా రాలిపోతుంది. చచ్చిన ఇటుకను బతికించే విద్య సుంకేశ్వరికి కూడా తెలియదు.

“ఏం మరిదీ, గోడతో గుసగుసలా? నా చెల్లెలికి సవతిని తెచ్చినావే!”

కనుమ కింది నుంచి ఎక్కి వచ్చింది చౌడమ్మ, సుంకేశ్వరి అక్క. కింద నల్లరేగడి మైదానంలో ఉన్న రేగడిదిన్నెలోనే అక్కాచెల్లెళ్ళిద్దరూ పుట్టారు. చౌడమ్మ మేనమామ కొడుకునే చేసుకుని పుట్టినూళ్ళోనే ఉండిపోయింది.

“సవతి గాదు వదినా, అత్త,” అన్నాడు మద్దిలేటి. “పొద్దున్నే లేచి దీని మూలుగు వినకుంటే పొద్దు గడవదు.”

చౌడమ్మ నవ్వుతూనే భుజం మీది తెల్లబట్ట తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. “పిండు మే.”

“పొడిగా ఉండాది గదక్కా. ఏముందని పిండేది?”

“అదే నేను నిన్ను అడగాలని వచ్చినా.”

ఆ బట్ట సంగతి ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ ఎరుకే. పప్పుశనగ చేలకు వాన అక్కర్లేదు, మంచు చాలు. పుష్యమాసపు మంచు ఆకు మీద పడి, ఆకులోని పులుపు కలుపుకుని నిలుస్తుంది. తెల్లవారేలోగా చేను మీద బట్ట పరిచి, తడిశాక పిండితే దొరికేది శనగ పులుసు. కడుపులో తిప్పినా, నోరు అరుచిగా ఉన్నా నాలుక మీద నాలుగు చుక్కలు వేస్తారు. మద్దిలేటికి కొన్ని రోజులుగా అన్నం చూస్తేనే వాంతికొస్తోంది. అతని కోసమే చౌడమ్మ వరుసగా బట్ట పరుస్తోంది, ఎండుబట్టే ఎత్తుతోంది.

“చేను గూడా పాలిపోతాంది సుంకీ. పూత నిలబడ్లేదు. నువ్వు చదువుకున్నదానివి, చెప్పు, మంచు యాడికి పోయినాది?”

సుంకేశ్వరి బట్టను మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది.

“ఈ యేడు చలి తక్కువ గదక్కా. అన్ని చోట్లా ఇట్లనే ఉండాదంట.”

ఆ మాట నోట్లోంచి ఎంత సాఫీగా జారిందో చూసి ఆమెకే భయమేసింది.

*

మూతబడిన బడిలోని ఒక గదిలో మిషను ఉంది. పాత బోరు నీళ్ళు తాగి కిడ్నీలు చెడినవాళ్ళు గరుసుపల్లెలో ఒకరిద్దరు కాదు. గోడ నీళ్ళు వాన నీళ్ళంత స్వచ్ఛం. రక్తం కడిగే మిషనుకు అంతకు మించినవి దొరకవు. ఆ మాట పట్టుకునే సుంకేశ్వరి ఆఫీసుల చుట్టూ తిరిగి మిషను తెచ్చింది, తానే నేర్చుకుని నడుపుతోంది. అది వచ్చేసరికి మిగిలింది మద్దిలేటి ఒక్కడే. మిగతావాళ్ళకు అది ఆలస్యంగా వచ్చింది.

మిషను ఒకసారి నడిస్తే ఊరంతా పూట తాగే నీళ్ళు ఖర్చవుతాయి. కరెంటూ అంతే.

“మే, గొంతు ఆరిపోతాంది. ఒక్క గుక్క,” అన్నాడు మద్దిలేటి, చేతికి పెట్టిన గొట్టాల్లో తిరుగుతున్న తన రక్తాన్ని చూస్తూ.

“చెంబు అయిపోయింది.”

“మిషను పక్కనే కూచోని దప్పి అంటాండా. దానికి పోసే నీళ్ళలో గుక్కెడు దానికేం తక్కువైతాది?”

“దానికి కాదు, నీకు ఎక్కువైతాది. లెక్క లెక్కే.”

“అబ్బ, రాయిగుండె!”

అతను కళ్ళు మూసుకున్నాక ఆమె మళ్ళీ ఆ ఎండుబట్ట గురించే ఆలోచించింది.

గోడను మొదట ఈ కనుమలో కట్టాలనుకోలేదు. ఊరికి నైరుతిన ఉన్న గుట్ట నెత్తిన కట్టాలని ఆమె గీతలు గీసింది. దాని అవతల రాళ్ళు, బలుసు కంపలు తప్ప మనిషి పొడ లేదు. సర్పంచు కుళ్ళాయప్ప అడ్డం తిరిగాడు. “నైరుతిలో నీళ్ళా? ఊరు నిలుస్తాదా అమ్మయ్యా? నీళ్ళంటే ఈశాన్యం. మా తాత బావి తవ్వింది ఈశాన్యంలోనే.” ఆ బావి ఎండి ముప్పై ఏళ్ళయిందని ఎవరో అంటే, “ఎండింది గానీ ఈశాన్యంలోనే ఉండాది గదా!” అని గద్దించాడు. ఊరంతా ఆయన వెనకే నిలబడింది. ఇటుకలు మోసేది వాళ్ళే గనక వాళ్ళ మాట కాదనలేక ఆమె ఈశాన్యపు కనుమలో తేమ కొలిచే పెట్టెలు పెట్టి చూసింది. గుట్ట మీద కంటే అక్కడే ఎక్కువ తేమ వచ్చింది.

“సూసినావా? నీ సైన్సూ మా వాస్తూ ఒకే మాట చెప్పినాయి!” అని కుళ్ళాయప్ప మీసం దువ్వాడు. ఆమె కూడా నవ్వేసి సరేనంది.

అక్కడే ఎందుకు ఎక్కువ అని మాత్రం అడగలేదు. పొద్దుగుంకాక మెట్ట మీద చల్లబడిన గాలి నీళ్ళలాగే పల్లానికి జారుతుంది. మెట్టంతటికీ ఆ జారే దారి ఈ కనుమే. జారి జారి అది పరుచుకునేది రేగడిదిన్నె శనగచేల మీద. ఆ చేలల్లో పుట్టి, ఆ శనగలు అమ్మగా వచ్చిన దాంతో చదువుకుని, ఆ గాలి ఎక్కడికి పోతుందో తలుచుకోలేదు ఆమె.

కట్టిన కొత్తలో గోడ కొంచెమే తాగేది. ఏటేటా ఇటుకలో జిగురు లోతుకు వేళ్ళూనుతోంది. గోడ దాహం పెరుగుతోంది. మీటరు ముల్లు ఏడాదికేడాది పైకి లేస్తుంటే ఊరు టెంకాయలు కొట్టింది.

*

అనుమానం ఒకటి, రుజువు ఒకటి. ఆమెకు రుజువు కావాలి. నిజం చెప్పాలంటే ఆమెకు కావలసింది, తన అనుమానం తప్పని చెప్పే రుజువు.

“గోడకు మందు పెట్టాల. ఒక్క రాత్రి పట్టలు కప్పాల,” అని ఊళ్ళో చెప్పింది.

“గోడకు గూడా టీకాలా?” అన్నాడు కుళ్ళాయప్ప. అన్నాడే గానీ వేరుశనగ వాముల మీది పట్టలన్నీ తానే దగ్గరుండి మోయించాడు. రేపు గోడ నీళ్ళివ్వదని తెలిసిన ఊరు, ఆ సాయంత్రమే బిందెలు, బకెట్లు, గంగాళాలు, చివరికి పెళ్ళి వంటల డేగిసాలు కూడా నింపి పెట్టుకుంది. ట్యాంకర్ల కాలంలో అబ్బిన భయం అది. రేపు రావంటే ఈ రోజే రెండింతలు పట్టుకోవాలి. మిషను కోసం తొట్టిలో మిగలాల్సిన నీళ్ళు ఎవరి గంగాళంలోకి పోయాయో చెప్పగలిగేవాళ్ళు లేరు. అందరి గంగాళాల్లోకీ పోయాయి.

మర్నాడు తెల్లారకముందే, మబ్బుతోనే సుంకేశ్వరి కనుమ దిగి అక్క చేలోకి అడుగుపెట్టింది. నాలుగు సాళ్ళు దాటేసరికి పిక్కలు చుర్రుమన్నాయి. శనగ పులుపు తగిలి మండే మంట. చిన్నప్పుడు ఆ మంటకు ఏడ్చేది. ఇప్పుడూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“సుంకీ! సుంకీ, ఇట్ల రావే!”

చౌడమ్మ చేను నడుమ తడిబట్ట పైకెత్తి పట్టుకుని నిలబడింది. బట్ట కొసల నుంచి చుక్కలు రాలుతున్నాయి. “వచ్చింది మే! మంచు వచ్చింది!” చిన్నపిల్లలా చీర ఎగదోపుకుని సాళ్ళ మీద ఎగిరింది, కాళ్ళు మండుతుంటే కెవ్వున నవ్వింది. అవతల గట్టు మీద ఆమె మొగుడు ఓబులేసు తలగుడ్డ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. “బతికిస్తివి తల్లీ,” అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

సుంకేశ్వరి కొయ్యలా నిలబడి చూసింది.

తిరిగి కనుమ ఎక్కేసరికి పట్టలు తీసేశారు. గోడ అడుగున మద్దిలేటి చతికిలబడి ఉన్నాడు. మిషను వంతు తప్పి ముఖం ఉబ్బింది, ఊపిరి పిల్లిపిల్ల గురకలా వినబడుతోంది. అతని అరచేతిలో ఎర్రటి పిండి.

“పై వరస రాలిపోతాంది మే. ఒక్క రాత్రికే.” ఆయాసంతో ఆగాడు. “మందు పెట్టాలంటివి. నువ్వు గోడ దగ్గర లేవు. పొద్దున్నే కింద చేలో ఉండావంట. ఏం మందు అది?”

“తర్వాత చెప్తా. ముందు ఇంటికి పోదాం.”

“నీ కాళ్ళు సూడు.”

ఆమె చూసుకుంది. పిక్కల నిండా ఎర్రటి దద్దుర్లు.

మద్దిలేటి ఆ దద్దుర్ల మీద వేలు ఆనించాడు. చేతిలో పిండిని ఊదాడు. అది గాలికి కనుమ కిందికి కొట్టుకుపోవడం చూశాడు.

“గాలి అట్ల పోతాంది,” అన్నాడు చివరికి. “మనం దారిలో కూచోని తాగుతాండాం.”

“నువ్వు ఎవరితోనూ అనొద్దు.” ఆమె అతని ముందు కూలబడి రెండు భుజాలూ పట్టుకుంది. “అనొద్దు. వినపడ్తాందా? మంచు తక్కువంటే తక్కువ. అంతే. వానలు పడనప్పుడు మనం ఎవరినడిగినాం? ఈ గోడ లేకుంటే మిషను లేదు. మిషను లేకుంటే…”

“నేను లేను.”

“అట్లనొద్దు.”

“అనకుంటే ఉంటానా?” మద్దిలేటి నవ్వబోయి దగ్గాడు. “ఏమే, రోజు మార్చి రోజు కప్పితే?”

“ఒక్క రాత్రికే పై వరస పోయింది గదా. నాలుగు కప్పితే గోడే ఉండదు.”

“విప్పి నైరుతి గుట్ట మీద కట్టుకుంటే?”

“ఇటుక ఇటుకా కరుచుకోని ఉండాయి, గోడలోంచి ఊడితే తేమ పట్టుకోలేవు. మొత్తం విప్పి మోసేలోపల ఆరి చస్తాయి. కొత్తవి చేద్దామంటే ఆ జిగురు పుట్టిన ల్యాబే మూసేసినారు.”

అన్నీ ఆమె ముందే ఆలోచించిందని అతనికి అర్థమైంది. 

*

ఆ తర్వాత గోడ ప్రతి రాత్రీ తాగింది. మిషను నడిచింది. మద్దిలేటి ముఖం వాపు తగ్గింది. కింద చేలు మంచు లేక పాలిపోయి తెల్లబడ్డాయి. చౌడమ్మ మళ్ళీ ఎండుబట్ట తెస్తుందని భయపడి సుంకేశ్వరి పొద్దున పూట గోడ దగ్గరికి పోవడం మానేసింది.

చౌడమ్మ బట్ట తేలేదు. మనుషుల్ని తెచ్చింది.

రేగడిదిన్నె పెద్దమనుషులు, ముందు ఓబులేసు, పక్కన చౌడమ్మ, గరుసుపల్లె రచ్చకట్ట మీదికి వచ్చి కూర్చున్నారు. కుళ్ళాయప్ప టీలు తెప్పించాడు. ఆ టీ కూడా గోడ కరెంటు మీదే కాగిందని అందరికీ ఒకసారి గుర్తుచేశాడు.

ఓబులేసు గ్లాసు కింద పెట్టి మరదలి వైపు తిరిగాడు. “సుంకమ్మా, మాకు మంచు కరువొచ్చింది. పూత రాలిపోయింది. ఊళ్ళో సగం మంది బెంగుళూరుకు మూటలు కడతాండారు. ఒక్కటే అడుగుతాండాం. మాకు గూడా నీ మాదిరి గోడ కట్టియ్. మా ఊరి కింద వాగుమలుపు ఉండాది, ఆడ గాలి బాగా ఆడతాది.”

“ఇటుకలు మేమే మోస్తాం మే,” అంది చౌడమ్మ ఆశగా. “మీ ఊరికి చేసినావు, పుట్టినింటికి చేయవా?”

వాగుమలుపు కింద ఇంకో ఊరుంది. దానికీ శనగచేలున్నాయి. దాని కింద ఇంకొకటి. వాగు వెంబడి ఊరికొక గోడ లేచి, ప్రతి గోడా కింది ఊరి మంచు తాగుతూ, ఎండుబట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు నడిచి రావడం సుంకేశ్వరి కళ్ళ ముందు కనిపించింది. ఎదురుగా అరుగు మీద మద్దిలేటి ఆమెనే చూస్తున్నాడు. చెప్పమని గానీ వద్దని గానీ అతని ముఖంలో లేదు.

“మీ మంచు యాడికీ పోలేదు బావా,” అందామె. “మా గోడ తాగుతాంది.”

ఎవరికీ వెంటనే ఎక్కలేదు. 

“నీకెప్పుడు తెలిసింది?” అన్నాడు ఓబులేసు.

“ఈ మధ్యే.”

“ఎంత మధ్యే?”

ఆమె తల దించుకుంది. “పట్టలు కప్పిన రాత్రి.”

“ఆ పొద్దు నేను చేలో ఎగిరితిని గదే,” అంది చౌడమ్మ మెల్లగా. “నువ్వు జూస్తా నిలబడుకున్న్యావు.”

దాని తర్వాత ఎవరేమన్నారో వేరు చేసి చెప్పడం కష్టం. కుర్చీలు పడ్డాయి. “గాలి యేమన్నా మీ పాసుబుక్కులో ఎక్కిందా?” అని కుళ్ళాయప్ప అరిచాడు. “నీ గోడ మాత్రం ఎక్కిందా? రేపు గడ్డపార్లు తెస్తాం, ఎక్కేది దిగేది సూద్దాం!” అని ఓబులేసు. “తెండి! మా ఆడోళ్ళు బిందెలతో కొట్టి పంపుతారు!” రెండు ఊళ్ళ మధ్య పిల్లనిచ్చిపుచ్చుకున్న తరాలన్నీ ఆ కాసేపట్లో తిట్లకు అక్కరకొచ్చాయి.

మద్దిలేటి కట్టెతో నేల మీద కొట్టాడు. అతనికి అరిచే ఓపిక లేదు గనక అందరూ ఆగితేగానీ వినపడడు. ఆగారు.

“జాలీ గోడ చేద్దాం,” అన్నాడు. “ఇటుక విడిచి ఇటుక తీసేస్తా. మిగిలినవి తాగుతాయి, కంతల్లోంచి గాలి కిందికి పోతాది. విప్పేది నేను కాబట్టి గోడ పడదు.”

కుళ్ళాయప్ప ఇంకా బుసకొడుతూనే, “సగం గోడైతే మా ఊరికి తాగేదానికి సాలుతాయా?” అన్నాడు.

“సాలుతాయి.”

“దీపాలకు?”

“వాటికీ సాలుతాది.”

“మాకు మంచు?” ఓబులేసు.

“ఉన్నంతలో వస్తాది.”

రెండు వైపులా ఊపిరి పీల్చుకున్నారు. కింద పడిన కుర్చీలు ఎత్తారు. కుళ్ళాయప్ప మళ్ళీ టీ చెప్పాడు. మిషను మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకూడదని కాదు, ఒక్కరికీ గుర్తు రాలేదు. గుర్తున్న ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

*

“నేను ఒప్పుకోను,” అంది సుంకేశ్వరి ఇంటికొచ్చాక. “నువ్వు మాటిచ్చినావు, నేనియ్యలేదు. మిషనుకు సగం గోడ యాడ సాలుతాది?”

“సాలదు.”

“తెలిసే చెప్పినావా?”

“నువ్వు నిజం చెప్పినావు. దాని వెనక రావాల్సిన మాట నేను చెప్పినా.” మద్దిలేటి తాపీ మీది తుప్పు గీకుతున్నాడు. “పట్నంలో పేరు రాయిద్దాంలే. వాళ్ళకూ మిషన్లుండాయి గదా.”

“అక్కడ వరస ఎంతుందో నీకు తెలుసు. పోయినసారి ఆ రోడ్డులో బస్సులోనే నీ ప్రాణం పోతాదనుకున్నా.”

“పోలేదు గదా.”

“చౌడక్కకు చెప్తా. ఒక్క మాట చెప్తే తనే వద్దంటాది.”

“అందుకే చెప్పొద్దు.” తాపీ పక్కన పెట్టాడు. “వదిన వద్దంటే బతికి, ఆ ఊరు మూటలు కట్టి పోతాంటే ఈ కనుమలో కూచోని చూడమంటావా? గోడ మూలుగులో వాళ్ళ ఏడుపు నాకు వినపడదా?”

మరుసటి వారమంతా అతను గోడ విప్పాడు. నిలబడలేడు, అందుకని స్టూలు వేసుకున్నాడు. సుంకేశ్వరి పక్కన నిలబడి, అతను వదులు చేసిన ఇటుకను తీసి కింద పెట్టేది. తడి ఇటుకలు, మొలకెత్తిన గింజల్లా వెచ్చగా, బరువుగా ఉండేవి. మధ్యాహ్నానికి ఎండి చిట్లి కుప్పగా కూలేవి. పని అయ్యేసరికి గోడ అడుగున ఎర్రటి దిబ్బ లేచింది. పైన కంతల్లోంచి అవతలి రేగడి మైదానం ముక్కలు ముక్కలుగా కనిపించింది. గోడ మూలుగు పోయింది. గాలి పోతుంటే ఒక సన్నని ఈల మిగిలింది.

*

పట్నం వెళ్ళి పేరు రాయించి వచ్చారు. ఖాళీ అయినప్పుడు ఫోను చేస్తామన్నారు. వచ్చిన దగ్గర్నించీ ఫోను మంచం పక్కన స్టూలు మీదే ఉంది. మోగినప్పుడల్లా సుంకేశ్వరి పరుగెత్తి ఎత్తింది. అవి వేరే ఎవరివో.

మద్దిలేటి ఇప్పుడు కనుమ దాకా నడవలేడు. పడుకుంటే ఊపిరి ఆడదని ఇంటి గోడకు ఆనించిన దిండ్లకు ఒరిగి కూర్చునే ఉంటాడు. కాళ్ళ మీద వేలు నొక్కితే పడిన గుంట ఎంతకీ పూడదు. చెంబు సగానికి తగ్గించింది సుంకేశ్వరి. అతను గుక్క అడగడం మానేశాడు. ఆ మానేయడాన్నే ఆమె తట్టుకోలేకపోయింది.

ఒక పొద్దున వాకిట్లో కేక వినపడింది.

“మే సుంకీ! మరిదీ! సూడండి ఏం తెచ్చినానో!”

కట్ట మీద ఆ గొడవ తర్వాత చౌడమ్మ ఈ గడప తొక్కడం అదే మొదలు. కొంగులో పచ్చి శనగ కాయలు, చేతిలో సత్తుగిన్నె. గిన్నెలో ముద్దగా తడిబట్ట. ముఖం వెలిగిపోతోంది. “కడసారి పూత నిలిచింది. బావ బెంగుళూరు మూట విప్పేసినాడు. నీ మీద కోపం ఇంకా ఉండాది, పోలేదు, గానీ మరిదికి కడుపులో తిప్పుతాందని…”

లోపలికొచ్చి మద్దిలేటిని చూసి ఆగిపోయింది.

“ఇదేంది? ఇట్ల వాచినాడేంది? మిషను పెట్టలేదా?” చెల్లెలి వైపు తిరిగింది. “వస్తా బడి మీదుగానే వచ్చినా. మిషను గదికి తాళమేసి ఉండాది. ఎందుకేసినావు మే?”

సుంకేశ్వరికి పలకాల్సిన అవసరం లేకపోయింది. చౌడమ్మ తన గిన్నెలోని తడిబట్టను చూసుకుంది. మరిది ముఖం చూసింది. మళ్ళీ బట్టను చూసుకుంది. గిన్నెను మంచం మీద పెట్టింది.

“నాకు చెప్పలేదే,” అంది. “ఒక్క మాట చెప్పలేదే నాకు.”

“పిండు వదినా,” అన్నాడు మద్దిలేటి. “నోరంతా చేదుగా ఉండాది.”

చౌడమ్మ బట్ట చేతిలోకి తీసుకుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ శనగమంచు పిండిన చేతులవి. ఇప్పుడు వేళ్ళు ముడుచుకోలేదు. సుంకేశ్వరి వచ్చి అక్క చేతుల మీద తన చేతులు వేసింది. ఇద్దరూ కలిసి మెలితిప్పారు. చుక్క ఒకటి ఊరి, నిలిచి, మద్దిలేటి నాలుక మీద పడింది. ఇంకొకటి. అతను కళ్ళు మూసుకుని ఆ పులుపు చప్పరించాడు. నుదుటి మీద గీతలు విడిపోయాయి.

కళ్ళు తెరిచి భార్య వైపు చూశాడు.

“ఇవి గూడా చెంబు లెక్కలో పడతాయా మే?”

“పడవు,” అంది సుంకేశ్వరి, బట్టను ఇంకాస్త బిగించి తిప్పుతూ. “తాగు.”